హంద్రీ ఒడ్డున మా అపార్ట్‌మెంటుకు దొరికిన డ్రెయినేజీ నిర్వహణ సేవ: ఒక వర్షాకాలం గడిచాక సమీక్ష

కర్నూలులో హంద్రీ నదికి కూతవేటు దూరంలో, పల్లపు ప్రాంతంలో ఉన్న మా అపార్ట్‌మెంటులో 32 ఇళ్లు ఉన్నాయి. ఏటా వర్షాకాలంలో రెండు మూడు సార్లు సెల్లారులోకి మురుగునీరు ఎక్కేది. బండ్ల చక్రాలు మునిగేవి, లిఫ్టు గుంతలో నీరు నిలిచేది, వారం రోజుల పాటు ఆ వాసన మెట్ల మీదుగా మూడో అంతస్తు దాకా వచ్చేది. ఎందరిని పిలిపించి ఎన్నిసార్లు శుభ్రం చేయించినా మరుసటి పెద్ద వానకు కథ మళ్లీ మొదటికే వచ్చేది. ఈ బాధ పడలేక 2025 మే నెలలో ఒక ప్రైవేటు డ్రెయినేజీ నిర్వహణ సేవతో ఏడాది ఒప్పందం కుదుర్చుకున్నాం. ఇప్పుడు ఒక వర్షాకాలం పూర్తిగా గడిచింది కనుక, సంఘం కార్యదర్శిగా ఆ సేవలో నాకు కనిపించిన మంచిని, లోపాన్ని ఇక్కడ రాస్తున్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. నా ఉద్దేశం ఒకరికి ప్రచారం చేయడం కాదు. ఇలాంటి పనికి మీరు ఎవరిని పిలిచినా ఏమేమి చూడాలో, ఏమేమి అడగాలో చెప్పడం. నేను ప్రజారోగ్య ఇంజనీరింగు విభాగంలో మురుగునీటి పంపింగు కేంద్రాల నిర్వహణ చూసి పదవీ విరమణ చేసినవాడిని. డ్రెయినేజీ పనిని శుభ్రం చేసిన రోజున చూసి మార్కులు వేయకూడదని, వాన పడిన రాత్రి అది ఎలా నిలబడిందో, ఆ మరునాడు ఎవరు వచ్చి ఏం చేశారో చూశాకే వేయాలని ఆ ఉద్యోగం నాకు నేర్పింది.

మొదట చూసింది మనిషిని లోపలికి దింపుతారా, లేదా అన్నది. అంతకు ముందు ఏడాది మేం పిలిచిన ముఠా ఒకటి పట్టుమని ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడిని నడుముకు తాడైనా కట్టకుండా పది అడుగుల చాంబరులోకి దింపబోయింది. నేను అడ్డం పడి, కూలి డబ్బు పూర్తిగా ఇచ్చి వాళ్లను పంపించేశాను. మురుగు కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు గాలి కన్నా బరువైనది కనుక గుంత అడుగునే కూర్చుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది గానీ, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గింది కదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు, అతన్ని పైకి లాగడానికి దిగిన రెండోవాడూ అంతే. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు చాంబరులోకి దింపడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. ఇలాంటి మరణాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ సేవ వాళ్లు వచ్చిన మొదటి రోజున మూతలు తెరిచి అరగంట సేపు గాలి ఆడనిచ్చారు, గ్యాస్ మీటరును తాడుతో కిందికి దించి అంకెలు పుస్తకంలో రాసుకున్నారు, ఆ తర్వాత నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మే జెట్టింగ్ మిషను గొట్టాన్ని మాత్రమే లోపలికి పంపి, కదిలిన పూడికను సక్షన్ ట్యాంకరులోకి లాగారు. ఏడాదిలో ఒక్కసారి కూడా మనిషి దిగలేదు. నా దృష్టిలో ఈ ఒక్క కారణంతోనే మిగిలిన లోపాలను ఓపికగా సరిదిద్దించుకోవచ్చు.

రెండో మంచి పని కెమెరా పరీక్ష. పాత ముఠాలు పొడుగాటి వెదురు బద్దలతో పొడిచి, నీళ్లు కదిలితే చాలు, పని అయిపోయిందనేవారు. వీళ్లు చక్రాల బండి మీద అమర్చిన చిన్న కెమెరాను గొట్టంలో నడిపించి, తెర మీద నాకూ, మా ఇంటి ఎదురుగా ఉండే పెద్దమ్మకూ, వాచ్‌మెన్‌కూ చూపించారు. గొట్టం అడుగు సగం ఇసుకతో, సిమెంటు పెళ్లలతో గట్టిపడి ఉంది. అది ఊహించిందే. ఊహించనిది, మూడు చోట్ల పై నుంచి వచ్చి కలుస్తున్న గొట్టాలు. కెమెరా నడుపుతున్న కుర్రవాడు తెర మీద వేలు పెట్టి, "సార్, ఇది ఒట్టి డ్రెయినేజీ లైను కాదు, మీ మిద్దె మీది వాన నీళ్లు కూడా ఇందులోకే దిగుతున్నాయి" అన్నాడు. కట్టినవారు మిద్దె గొట్టాలను వేరుగా వీధి కాలువలోకి తీసుకుపోయే ఖర్చు తప్పించుకోవడానికి మురుగు చాంబర్లకే కలిపేశారన్న మాట. పదేళ్లుగా మేం పూడికను తిట్టుకుంటున్నాం. అసలు రోగం ఇది.

దీన్ని లెక్క వేసి చూస్తే భయం వేస్తుంది. మా మిద్దె వైశాల్యం సుమారు 700 చదరపు మీటర్లు. ఒక గంటలో 60 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద 42 వేల లీటర్ల నీరు కురుస్తుంది. ఆరు అంగుళాల గొట్టంలో నీరు సెకనుకు 0.8 మీటర్ల వేగంతో నిండుగా పారితే గంటకు సుమారు 50 వేల లీటర్లు పోగలదు. సగం పూడిపోయిన గొట్టంలో ఆ సగమే పోతుంది. 25 వేల లీటర్లు పట్టే దారిలోకి 42 వేల లీటర్ల వాననీరు, దానితో పాటు 32 ఇళ్ల మురుగు ఒకేసారి వచ్చిపడితే, మిగిలిన నీరు తనకు దొరికిన పల్లానికి, అంటే మా సెల్లారుకు పోతుంది. అందులో ఆశ్చర్యం ఏముంది?

వాన నీటినీ మురుగునూ ఒకే గొట్టంలో పంపడం మా బిల్డరు కనిపెట్టిన తప్పేమీ కాదు. లండను, చికాగో వంటి పాత నగరాలు పందొమ్మిదో శతాబ్దంలో అలాగే కట్టుకున్నాయి. ఎండ రోజుల్లో మురుగంతా శుద్ధి కేంద్రానికే పోతుంది. గట్టి వాన పడితే గొట్టాలు పట్టక, శుద్ధి కాని మురుగు వాననీటితో కలిసి నదిలోకి పొర్లుతుంది. ఆ పొర్లే నీటిని నదికి చేరకుండా పట్టి ఉంచడానికే ఆ నగరాలు భూగర్భంలో పెద్ద సొరంగాలు తవ్వాయి. చికాగో 1972లో ఈ ప్రణాళికను ఆమోదించి, 1975లో తవ్వకం మొదలుపెట్టి, 2006 నాటికి సుమారు 175 కిలోమీటర్ల సొరంగాలను పూర్తి చేసింది. వాటిలో కొన్ని భూమికి 300 అడుగుల లోతున ఉన్నాయి. పెద్దవాటి వ్యాసం 33 అడుగులు. సొరంగాలు కూడా చాలక వాటి చివర రిజర్వాయర్లు కట్టారు. 2015లో వాడకంలోకి వచ్చిన థార్న్‌టన్ రిజర్వాయరు ఒకప్పటి సున్నపురాయి గని. అది సుమారు 1.05 టీఎంసీల నీటిని పట్టగలదు. మన సుంకేశుల ఆనకట్ట సామర్థ్యం 1.2 టీఎంసీలని గుర్తు చేసుకుంటే, ఒక నగరం పొర్లే మురుగును దాచుకోవడానికి ఎంత చోటు వెచ్చించిందో మన జిల్లా వారికి వెంటనే తెలుస్తుంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ గని మధ్యగా పోయే రహదారి మీద ప్రయాణిస్తూ రెండు వైపులా ఆ లోతు చూశాను. అంతటి గోతిని ఖాళీగా ఉంచడం కోసమే కాపలా కాస్తున్నారన్న సంగతి నన్ను చాలా రోజులు వదలలేదు.

కర్నూలుకు అలాంటి సొరంగం లేదు. ఇక్కడ ఇళ్ల వాడకం నీరూ వాననీరూ చాలా చోట్ల ఒకే కాలువలో పారి, చివరికి హంద్రీలోనో తుంగభద్రలోనో కలుస్తాయి. కాబట్టి మా ఆవరణ దాకా అయినా పొర్లే నీటిని మేమే పట్టి ఉంచుకోవాలి. ఈ మాట నేను చెప్పకముందే సేవ తరఫున వచ్చిన ఇంజనీరు చెప్పడం నాకు నచ్చింది.

ఆయన చేసిన ఏర్పాటు ఇది. మిద్దె గొట్టాలను మురుగు చాంబర్ల నుంచి విడదీసి, సగం నీటిని ఇంకుడు గుంతకూ సగం నీటిని వీధి పక్క వాన కాలువకూ మళ్లించారు. ఆవరణ చివర, తాగునీటి సంపుకు పూర్తిగా అవతలి వైపున, ఏళ్లుగా వాడకుండా పడి ఉన్న 15 వేల లీటర్ల పాత సంపును లోపల పూత వేయించి, పొర్లు మురుగు నిలవకు కేటాయించారు. మా చివరి చాంబరు వీధి లైనులో కలిసే చోట నాన్ రిటర్న్ వాల్వు బిగించారు. మామూలు రోజుల్లో మురుగు దానంతట అదే వీధి లైనులోకి పోతుంది, సంపు ఖాళీగా ఉంటుంది. వాన పడి వీధి లైను నిండితే వాల్వు మూసుకుంటుంది, బయటి మురుగు లోపలికి తన్నదు, మా మురుగు చాంబరులో ఒక గట్టు ఎత్తు దాకా లేచి సంపులోకి పొర్లుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి వాడకం, అందులో 80 శాతం మురుగు అని ఇంజనీర్లు వేసుకునే లెక్క ప్రకారం, ఇంటికి నలుగురు చొప్పున మా 128 మంది మురుగు రోజుకు సుమారు 14 వేల లీటర్లు. అంటే మా సంపు ఒక రోజు మురుగును మోయగలదు. కర్నూలులో వీధి లైను నిండుగా ఉండే సమయం సాధారణంగా కొన్ని గంటలే కనుక ఇది చాలినంత.

ఇక ఆగస్టులో ఒక రాత్రి కురిసిన వాన ఈ ఏర్పాటుకు పరీక్ష పెట్టింది. పదిన్నరకు మొదలై పన్నెండు దాటే వరకు తెరిపి లేకుండా కొట్టింది. నేనూ వాచ్‌మెనూ గొడుగులు పట్టుకుని సెల్లారు ర్యాంపు దగ్గరే నిలబడ్డాం. పదకొండున్నరకు వీధి మ్యాన్‌హోల్ అంచుల నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. మా చాంబరులో మురుగు లేచి, గట్టు దాటి, సంపులోకి దూకే చప్పుడు స్పష్టంగా వినిపించింది. సెల్లారు నేల పొడిగా ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను.

కానీ రెండు లోపాలు కూడా అదే రాత్రి బయటపడ్డాయి. మొదటిది, సంపు మూత దడదడమని ఎగిరి పడడం. మురుగు వేగంగా నిండుతుంటే లోపల ఉన్న గాలి ఎక్కడికో పోవాలి. దానికి దారి పెట్టలేదు. పెద్ద సొరంగాల్లో ఇదే సమస్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీరు పై కాలువల నుంచి లోతైన బావుల గుండా సొరంగంలోకి దిగేటప్పుడు గోడల వెంట సుడి తిరుగుతూ జారేలా మలుస్తారు. అలా జారితే పడే బలం తగ్గుతుంది, నడుమ ఖాళీగా మిగిలిన దారిలో గాలి పైకి పోతుంది. సొరంగం మరీ త్వరగా నిండి గాలి చిక్కుకుపోతే, అది నీటితో సహా ఫౌంటెన్‌లా పైకి తన్నుకొస్తుంది. అందుకే నిర్వాహకులు సొరంగం నిండే తీరును కనిపెట్టుకుంటూ ద్వారాలను సమయానికి మూస్తారు. మా సంపుకు ఆ మరుసటి వారంలో నాలుగు అంగుళాల గాలి గొట్టం మిద్దె దాకా వేశారు. ఇది మొదటే వేయవలసింది.

రెండోది ఇంకా పెద్ద తప్పు. సంపులో నీరు ఒక మట్టం చేరగానే, ఆ నీటి మీద తేలే ఫ్లోట్ స్విచ్, సంపు మురుగును వీధి లైనులోకి తోసే పంపును నడిపించింది. అప్పటికి వీధి లైను నిండి పొర్లుతూనే ఉంది. మా పంపు తోసిన మురుగు వీధి మ్యాన్‌హోల్ నుంచి పైకి వచ్చి ఎదురింటి గడప ముందు పారింది. మా సెల్లారును కాపాడుకోవడానికి పొరుగువారి గడపను మురికి చేశామన్నది నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తెల్లవారి వాళ్ల ఇంటికి వెళ్లి, "తప్పు మాదే అన్నా, కడిగించే బాధ్యత కూడా మాదే" అని చెప్పి వచ్చాను. నిలవ చేసిన మురుగును ఎప్పుడు పంపాలి అన్నదే ఈ పనిలో అసలు కీలకం. లండనులో 25 కిలోమీటర్ల టైడ్‌వే సొరంగం 2025 ఫిబ్రవరి నుంచి పూర్తిగా పనిచేస్తోంది. అది పట్టిన నీరు 2016లో తెరిచిన లీ సొరంగం మీదుగా బెక్టన్ శుద్ధి కేంద్రానికి చేరుతుంది, అక్కడ పంపులు దాన్ని పైకి ఎత్తుతాయి. శుద్ధి కేంద్రం వాన నీటితో సతమతమవుతున్న వేళ ఆ పంపులను జోరుగా నడిపితే సొరంగం తవ్విన ప్రయోజనమే ఉండదు. కేంద్రం తేరుకున్నాక, అది మింగగలిగినంత మేరకే పంపాలి. అలాగని ఆలస్యం చేస్తే మరో వాన వచ్చేసరికి సొరంగం ఖాళీగా ఉండదు, పైగా నిలిచిన మురుగులో ఒండ్రు అడుగున పేరుకుంటుంది, విషవాయువు పుడుతుంది. మా పదిహేను వేల లీటర్ల సంపుకూ ఇదే నియమం. ఫిర్యాదు చేశాక వాళ్లు వీధి వైపు చాంబరులో రెండో ఫ్లోట్ పెట్టారు. బయటి మట్టం దిగితే తప్ప పంపు తిరగదు. ఈ మార్పుకు అదనంగా డబ్బు అడగలేదు.

మరునాటి సేవ గురించి కూడా చెప్పాలి. ఒప్పందంలో, పెద్ద వాన తర్వాత 24 గంటల్లోగా మనిషిని పంపి సంపు ఖాళీ అయిందో లేదో చూసి, అడుగున మిగిలిన బురదను కడిగించాలని నేను పట్టుబట్టి రాయించాను. నాలుగు పెద్ద వానల్లో మూడు సార్లు వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. సెప్టెంబరులో ఒకసారి మూడు రోజులు రాలేదు. ఫోను ఎత్తి "రేపు సార్" అనేవారు. ఆ మూడు రోజుల్లో సంపు అడుగున బెత్తెడు బురద గట్టిపడి, పంపు నోట్లో గుడ్డ పీలికలు చుట్టుకుని మోటారు వేడెక్కి ఆగిపోయింది. రెండో పంపు ఉంది కాబట్టి గండం గడిచింది. రెండు పంపులను వారం వారం మార్చి నడపాలన్న నిబంధన ఇలాంటి రోజు కోసమే. ఏడాదంతా ముట్టని పంపు అవసరం వచ్చిన రాత్రి తిరగదన్నది నా ఉద్యోగంలో నేను చూసిన నిజం.

పూడిక విషయంలో మా వైపు తప్పూ ఉంది. మురుగు గొట్టంలో ఇసుక నిలవకుండా సాగాలంటే సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగం ఉండాలి. నూనె పేరుకుంటే గొట్టం ఇరుకై ఆ వేగం కూడా దక్కదు. కింది అంతస్తులో నడుస్తున్న టిఫిన్ సెంటరు వాడిన నూనెను సింకులో పోస్తోందని కెమెరాలోనే తేలింది. 2017లో లండనులోని వైట్‌చాపెల్ కింద 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ దొరికిందని వాళ్లకు చెబితే మొదట నమ్మలేదు. మా చాంబరు నుంచి తీసిన తెల్లటి గడ్డను చూపించాక నూనె వడకట్టే తొట్టె పెట్టుకున్నారు. సేవ వాళ్లు దాన్ని నెల నెలా తెరిచి చూసిపోతున్నారు.

నన్ను ఎక్కువగా బాధించిన సంగతి ఒకటుంది. జెట్టింగ్ చేసి లాగిన మురుగును ట్యాంకరు ఎక్కడ వదిలిందని అడిగితే మొదటి రెండు సార్లు సరైన జవాబు రాలేదు. ఊరి బయట వంకలో పారబోస్తే మన సెల్లారులో లేని మురుగు మరొకరి పొలంలో ఉంటుంది. శుద్ధి కేంద్రంలో అప్పగించినట్టు రసీదు చూపిస్తేనే బిల్లు చెల్లిస్తామని జూలైలో లేఖ రాశాం. అప్పటి నుంచి ప్రతి ట్రిప్పుకూ రసీదు ఇస్తున్నారు. మీరూ ఇది తప్పక అడగండి.

ఖర్చు విషయానికి వస్తే, మొదటి ఏర్పాట్లకు అన్నీ కలిపి 1,92,000 రూపాయలు, అంటే ఇంటికి 6 వేలు అయింది. ఏడాది నిర్వహణకు 48 వేలు, అంటే నెలకు ఇంటికి 125 రూపాయలు. అంతకు ముందు ఏటా ముఠాలకు, లిఫ్టు మరమ్మతులకు పెట్టిన దానితో పోలిస్తే ఇది భారం కాదు. అయితే ఈ సేవ చేయగలిగిందేమిటో, చేయలేనిదేమిటో తెలిసి ఉండాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పోటెత్తి ఊరు మునిగినప్పటిలా నది తానే వీధిలోకి వస్తే ఏ వాల్వూ ఏ సంపూ అడ్డుకోలేవు. ఇది వీధి లైను నిండే వానలకు మాత్రమే మందు.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఒక మార్కు గాలి గొట్టం, రెండో ఫ్లోట్ మొదటే పెట్టనందుకు, సెప్టెంబరు ఆలస్యానికి. ఒప్పందాన్ని మరో ఏడాదికి పొడిగిస్తూ మూడు షరతులు చేర్చాం: వేసవిలోనే ఒకసారి కెమెరా పరీక్ష, 24 గంటలు దాటిన ప్రతి రోజుకూ బిల్లులో కోత, కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద పంపు తిరిగేలా ప్యానెల్ బోర్డులో మార్పు. మొదటి రెండింటికి ఒప్పుకున్నారు. మూడోదానికి వచ్చే ఆదివారం వాళ్ల ఎలక్ట్రీషియను వస్తానన్నాడు. వాన మొదలయ్యేలోపు జనరేటరు మీద రెండు పంపులనూ అరగంట నడిపించి చూశాకే సంతకం పెడతానని వాళ్లకు చెప్పాను.